మంచితనానికి ఒదిలేస్తే చెరువు మనది కాదు



కంప్యూటర్ల ముచ్చట మన వాడకెందుకని కొందరు అడుగుతున్నారు. మన బియ్యం దాని చేతిలో పడ్డది గనుకనే ఈ మాట ఎత్తుకున్నాం.

తెలంగాణలో 2016 నుంచి రేషన్ కార్డుల ఏరివేతకు ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ ఏర్పాటును వాడారు. బండ్ల రిజిస్ట్రేషన్, ఆస్తుల వివరాల వంటి సర్కారు చిట్టాలను ఒకచోట చేర్చి, పేరూ చిరునామా పోల్చి, ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కరేనని అది అంచనా కడుతుంది. అంచనా తప్పితే? హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒక పేదవాణ్ణి కారున్న ఇంకొకాయనతో కలిపేసింది. కార్డు పోయింది. మాకు కారు లేదు మొర్రో అని ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. 2024 జనవరిలో పత్రికలు ఈ సంగతి బయటపెట్టినయి.

కొట్టేసిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు చూస్తే 15,471 అర్హమైనవని తేలింది. అంటే వందకు ఏడున్నర. అన్ని కార్డులనూ కంప్యూటరే కొట్టేసిందని మేం అనడం లేదు. కానీ అడిగినప్పుడు జవాబు చెప్పేవాడే లేడు. అధికారి యంత్రాన్ని చూపిస్తడు. యంత్రం మాట్లాడదు.

మరి దీనికి కట్టడి లేదా? ఉందంటున్నారు. 2021లో నీతి ఆయోగ్ బాధ్యత గల ఏఐ గురించి సూత్రాలు రాసింది. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఏఐ పాలనా మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో ఏడు సూత్రాలు. మనుషులే ముందు అన్నరు, న్యాయం, సమానత్వం, జవాబుదారీతనం అన్నరు. మంచి మాటలే, కాదనం. కానీ కొత్త చట్టం ఇప్పుడు అక్కర్లేదని, ఎవరికి వారే పాటించే పద్ధతిని ప్రోత్సహించాలని కూడా అందులోనే ఉన్నది. సాంకేతికం రోజుకో తీరు మారుతుంది, చట్టం దాన్ని అందుకోలేదని వారి వాదన. యంత్రం మారొచ్చు. పస్తు మారుతదా?

ఎవరికి వారే పాటించే నియమం ఎట్లుంటదో మన జాతికి తెలుసు. సర్కారు చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకున్నది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గుక్కెడు నీళ్లు మాత్రం మనవాళ్ల గొంతు దిగలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి పోయి దోసిట పట్టి తాగితే, మనవాళ్ల మీద పడి కొట్టారు, చెరువును ‘శుద్ధి’ చేశారు. హైకోర్టు తీర్పు దాకా, అంటే 1937 దాకా, కొట్లాడవలసి వచ్చింది. తీర్మానంలో తప్పు లేదు. పాటించనివాణ్ణి ఏం చేస్తారో అందులో లేదు, అదే లోపం. అందుకే అంబేద్కర్ మనసు మార్పు కోసం కాచుకొని కూచోలేదు, హక్కు రాయించాడు.

మన డిమాండ్లు ఇవి. కార్డు తీసేముందు కారణం తెలుగులో రాసి ఇంటికి నోటీసు ఇవ్వాలి. మన మాట వినేదాకా బియ్యం ఆపొద్దు. తీసేసిన కాగితం మీద యంత్రం పేరు కాదు, అధికారి సంతకం ఉండాలి. యంత్రం ఎన్ని తప్పులు చేసిందో గ్రామసభలో చదవాలి. ఇవన్నీ సలహాగా కాదు, చట్టంగా రావాలి, తప్పితే శిక్ష ఉండాలి.

అందాక చేతులు ముడుచుకోవద్దు. 2013 ఆహార భద్రతా చట్టంలో జిల్లా ఫిర్యాదుల అధికారి, రాష్ట్ర ఆహార కమిషన్, సామాజిక తనిఖీ ఉన్నయి. 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. వాడవాడన కార్డు పోయినవారి జాబితా రాయండి. ఎందుకు తీశారు, ఏ చిట్టా చూసి తీశారు అని ఒక్కొక్కరి పేరున దరఖాస్తు పెట్టండి. రసీదు తప్పక తీసుకోండి, దాచుకోండి.

దయగా ఇచ్చింది దయగానే పోతది. హక్కుగా తెచ్చుకుందాం.

జై భీం!