గాలి పాలు, పెట్రోలు పాలు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాలు నిండిన పాఠశాల వేదికపై కారు ఇంజను ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. ఇక్కడ చదివి వెళ్ళినవారిలో వైద్యులు, న్యాయవాదులు, ఉన్నతోద్యోగులు ఉన్నట్లే, చేతులకు గ్రీజు అంటే పనిని నమ్ముకొని కుటుంబాలను నిలబెట్టుకొన్నవారూ ఉన్నారు. సన్మానపత్రాలలో వారి పేర్లు అరుదు. అయితే పదవ తరగతిలో నేర్పిన భౌతిక, రసాయన శాస్త్రాలు ప్రతిదినం పరీక్షకు నిలిచేది వారి షెడ్డులోనే. పాత ఇంజెక్షన్ కారులో ఇంధన మిశ్రమం ఎందుకు చెడినదో కనుగొనడం అందుకు చక్కని ఉదాహరణ.

చెన్నపట్నం వారికి ఈ విషయం పరాయిది కాదు. 1995లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయినది. 1998లో శ్రీపెరుంబుదూరు కర్మాగారం నుండి శాంత్రో కారు ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనుతో వెలువడినది. 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా నిలిచిపోయినది. కొద్ది సంవత్సరాలలో కార్బురేటరు కొత్త కార్ల నుండి తప్పుకొన్నది. నాటి కార్లు కొన్ని నేటికీ మధ్యతరగతి ఇళ్ళ ముందు ఉన్నవి. వాటి రబ్బరు గొట్టాలు గట్టిపడినవి, వైర్ల కొనలు చిలుము పట్టినవి. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

ఒక కిలో పెట్రోలు సంపూర్ణంగా దహనం కావడానికి సుమారు 14.7 కిలోల గాలి కావలెను. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకు దాదాపుగా సమానం. అంటే లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలిని ఇంజను పీల్చుకొంటుంది. పిల్లలకు ఈ లెక్క ఒక్కసారి చెబితే ఎయిర్ ఫిల్టరు ఎందుకు శుభ్రంగా ఉండాలో వేరుగా చెప్పనక్కరలేదు. పెట్రోలు పాలు మించితే మిశ్రమం చిక్కనవుతుంది, తగ్గితే పలుచనవుతుంది. షెడ్డులో రిచ్ అనీ లీన్ అనీ అనేవి ఇవే. చిక్కనైతే నల్లపొగ, ఘాటు వాసన, మసి పట్టిన ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ. పలుచనైతే పికప్ లేకపోవడం, ఐడ్లింగులో వణుకు, మిస్సింగ్, తెల్లబారిన ప్లగ్గులు.

ఈ పాళ్ళు సరిచూడడానికి పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారు ఉంటుంది. జిర్కోనియాతో చేసిన ఈ సెన్సారు సుమారు 300 డిగ్రీలకు వేడెక్కిన తరువాతనే సరిగా పలుకుతుంది. చిక్కని మిశ్రమానికి సుమారు 0.9 వోల్టు, పలుచని దానికి 0.1 వోల్టు చూపుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో ఈ రెంటి మధ్య నిలకడ లేకుండా ఊగుతూ ఉంటుంది. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. సెన్సారు పెట్రోలును చూడదు. మిగిలిపోయిన ఆక్సిజన్‌ను మాత్రమే చూస్తుంది. ఒక సిలిండరులో ప్లగ్గు మండకపోతే అందులోని పెట్రోలూ గాలీ రెండూ బయటికి వచ్చేస్తాయి. సెన్సారుకు కనబడేది ఆ గాలిలోని ఆక్సిజనే. వెంటనే మిశ్రమం పలుచనైనదని కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు మరింత పెట్రోలు పోయిస్తుంది. సెన్సారుకు ముందు పొగగొట్టంలో చిన్న పగులు ఉండి బయటి గాలి లోనికి చొరబడినా ఇదే జరుగుతుంది. కంప్యూటరు లెక్కలో లీన్, నిజానికి రిచ్. సెన్సారు అబద్ధమాడలేదు, తాను చూసినదే చెప్పినది. ఈ తేడా తెలియని చోట మంచి సెన్సారు చెత్తబుట్టకు పోతుంది, కొత్తదానికి యజమాని డబ్బు చెల్లిస్తాడు, వారం తిరగకుండా అదే పొగ మళ్ళీ వస్తుంది. పుదుపేటలో చవకగా దొరికే వాడిన సెన్సారు తెచ్చి తగిలిస్తే సందేహాలు రెండింతలవుతాయి.

కావున పనివాడు స్పానరు పట్టక ముందే అడగవలసినది ఒకటి ఉన్నది. "ఎప్పుడండీ ఈ ఇబ్బంది? పొద్దున్నే స్టార్టు చేసినప్పుడా, ఎండలో తిరిగి వచ్చాకనా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా?" కత్తిపారా వంతెన ఎక్కేటప్పుడు మాత్రమే బండి ఈడ్చుకొంటే పంపు బలహీనపడినదేమో, ఫిల్టరు మూసుకొన్నదేమో చూడవలెను; ఐడ్లింగులో పెట్రోలు చాలి, బరువు మీద చాలకపోవడం దాని లక్షణం. ఆగి ఉన్నప్పుడు వణికి, వేగం అందుకొన్నాక సర్దుకొంటే గాలి ఎక్కడో దొంగదారిన లోనికి పోతున్నదని అనుమానించవలెను.

ఆ దొంగగాలి విషయంలోనూ బండిని బట్టి లక్షణం మారుతుంది. లోనికి పోయే గాలిని దారిలోనే కొలిచే కారులో, కొలతకు చిక్కని గాలి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. చిన్న కార్లలో ఎక్కువగా ఉండే పద్ధతి వేరు; అక్కడ మానిఫోల్డు లోపలి పీడనాన్ని కొలుస్తారు. కొత్తగా చేరిన గాలి ఆ కొలతలోకి వస్తుంది కనుక పెట్రోలు కూడా పెరిగి ఐడ్లింగు వేగం పెరుగుతుంది. ఇక ఆ పీడన సెన్సారుకు వెళ్ళే సన్నని గొట్టమే పగిలితే ఇంజను పెద్ద బరువు లాగుతున్నదని కంప్యూటరు భ్రమించి మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. పగులు రబ్బరు గొట్టంలోనే, ఫలితం మాత్రం తలక్రిందులు. పగులు వెదకడానికి వేడి ఇంజను మీద మండే ద్రవాలు చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. అది ప్రాణాపాయం. చెవికి పొడుగాటి గొట్టం ఆనించి ఈల శబ్దం వినవచ్చును. పొగ పంపి పరీక్షించే పరికరం ఉంటే మరీ మంచిది.

చిక్కని మిశ్రమానికి తరచుగా మరచిపోయే కారణం శీతల జలపు ఉష్ణోగ్రతను తెలిపే చిన్న సెన్సారు. ఇంజను ఎంత కాగినా అది చల్లగానే ఉన్నదని చెబితే, చలివేళ పోసినట్టు కంప్యూటరు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అనేక కార్లలో ఇది 20 డిగ్రీల వద్ద సుమారు రెండున్నర వేల ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు చూపుతుంది. గిన్నెడు వేడినీళ్ళు, ఉష్ణమాపకం, మల్టీమీటరు ఉంటే ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా దీన్ని ప్రయోగశాలలో పరీక్షించగలడు. మరొకటి ఇంధన పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటరు. అది ఇంజను మీదనే ఉన్న కార్లలో దాని శూన్యపు గొట్టాన్ని, ఇంజను ఆపిన తరువాత, ఊడదీసి చూస్తే అందులో పెట్రోలు తడి ఉండకూడదు. ఉంటే లోపలి పొర చిరిగినదన్నమాట. ఈ పని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయవలెను.

స్కానరు ఉన్నవారికి పని సులువు. కంప్యూటరు ఎంత శాతం పెట్రోలు కలుపుతున్నదో, తగ్గిస్తున్నదో అది చూపుతుంది. 10 శాతానికి లోపల అటూ ఇటూ ఉంటే సాధారణమే. కాని మన దేశంలో ఈ తనిఖీ ఏర్పాటు 2010లో మొదలై 2013లో విస్తృతమైనది. అంతకు ముందరి కార్లలో కనెక్టర్లు కంపెనీకొక తీరు. కొన్నింటిలో డ్యాష్‌బోర్డు దీపం మినుకులను లెక్కించి దోషసంఖ్య తెలుసుకోవలసి ఉంటుంది. ఆ సంఖ్య ఎక్కడ వెదకాలో చెబుతుంది, ఏ వస్తువు కొనాలో చెప్పదు.

2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం దేశమంతటా వచ్చినది. ఆ ఇంధనానికి 14.7 కాదు, సుమారు 13.5 పాళ్ళ గాలి చాలును. సెన్సారు బాగున్న కారు ఈ తేడాను సర్దుకొంటుంది. అప్పటికే పలుచన వైపు మొగ్గి ఉన్న పాత కారులో మాత్రం దాగి ఉన్న దోషం బయటపడుతుంది. పాత రబ్బరు భాగాలనూ అప్పుడే చూసుకోవలెను.

ఇదంతా మైలేజీ కోసమేనని తల్లిదండ్రులు భావించరాదు. మిశ్రమం చిక్కనైన కొద్దీ కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగగొట్టం పగిలిన కారులో పిల్లలను కూర్చోబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచడం ప్రమాదకరం. బడి గేటు ముందు పావుగంట సేపు అలా నిలిచే వాహనాల విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది. మండని పెట్రోలు కాటలిటిక్ కన్వర్టరులోకి చేరి అక్కడ మండితే అది కరిగి పాడవుతుంది. పాత కారుకు ఆ ఖర్చు భరించరానిది.

తప్పు ఎప్పుడూ పనివాడిదే కాదు. గంటలో బండి కావాలని తొందరపెట్టే యజమాని వెదికే ఓపికకు కాక మార్చే వేగానికే డబ్బిస్తున్నాడు. ట్యాంకు నిండా పోయించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచితే, మైలేజీ ఏ నెలలో తగ్గినదో షెడ్డులో ఊహించే పని ఉండదు.

మరమ్మతు అయిన తరువాత కంప్యూటరు జ్ఞాపకాన్ని చెరిపి, బండిని కొన్ని దినాలు మామూలుగా నడపవలెను. అది పాళ్ళను తిరిగి నేర్చుకొంటుంది. ఆ తరువాత ఒక ప్లగ్గు విప్పి చూస్తే కొన లేత గోధుమ రంగులో ఉండవలెను. కాలుష్య తనిఖీ కాగితంపై కార్బన్ మోనాక్సైడు అంకె పాతదానితో పోల్చి చూసి, రెండు కాగితాలనూ ఆ నోటుపుస్తకంలోనే అంటించి పెట్టుకోవలెను.