ఆవగింజంత మందు



మేముండే హుఫూఫ్‌లో ఇబ్రహీం కోట ఉంది. 1913 దాకా అందులో టర్కీ సైన్యం ఉండేది. ఆ కోట చూసినప్పుడల్లా నాకు ఆ కాలపు జేబు పిస్తోళ్ళు గుర్తొస్తాయి. బ్రౌనింగ్ రూపకల్పనతో బెల్జియంలో ఎఫ్.ఎన్. కంపెనీ చేసిన 6.35 మి.మీ. పిస్తోలు అరచేతిలో ఇమిడిపోతుంది.

అమెరికాలో వాటిని సేకరించి, తూటాలు ఇంట్లోనే నింపుకునే వారికో మాట. ఈ పిస్తోలుకు గొళ్ళెం లాంటిదేమీ లేదు. పేలుడు ఒత్తిడిని ఆపేది స్లయిడు బరువూ, స్ప్రింగూ మాత్రమే. తూటాలో మందు గ్రాములో పదోవంతు అటూ ఇటూ. అందులో ఆవగింజంత పెరిగినా ఎక్కువే. నూరేళ్ళ నాటి ఉక్కు చీలిపోవచ్చు. ముందు నిపుణుడికి చూపించండి. తూకంలో ఓపిక లేనివారు కొన్న తూటాలే వాడుకోవటం మేలని నా అభిప్రాయం.

ఇంకొకటి. చిటికెనవేలి కొనంత తూటా సూట్‌కేసు మూల ఇట్టే దాక్కుంటుంది. ఇండియా విమానాశ్రయంలో బయటపడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. నిజమే, కాని అది కోర్టులో తేలేసరికి విమానం వెళ్ళిపోతుంది. మా గల్ఫ్ వాళ్ళకైతే వీసా గడువు కూడా! పెట్టె సర్దేముందు ఒకసారి బోర్లించి దులపండి.