ఇంటి పిల్లికి జబ్బు చేస్తే

శెనక్కాయల మూటలు ఇంట్లోనే వేసుకునే మన కమలాపురం పల్లెల్లో పిల్లి లేకపోతే ఎలుకలదే రాజ్యం గదా! ఎద్దు మేత మానితే డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాం. పిల్లి పాలు ముట్టకపోతే మాత్రం, ‘ఎక్కడో ఎలుకను తినొచ్చిందిలే’ అంటాం.

పిల్లి తన జబ్బును బయటపెట్టదు. వాంతులు, విరేచనాలు పట్టుకొని, నీళ్లగిన్నె ముందే తలవాల్చి తాగలేక కూర్చున్నదంటే అది పాన్‌ల్యూకోపీనియా అనే అంటురోగం కావచ్చు. కూనలైతే ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. వెంటనే పశువుల ఆసుపత్రికి చేర్చండి. ఆ రోగక్రిమి ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. కాబట్టి ఆ ఇంటికి టీకా పడని కూనను తేవద్దు. టీకా 8 వారాల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ వేయించాలి.

ఒళ్లు కాలుతున్నదని మన పారాసిటమాల్ బిళ్ల మాత్రం వేయకండి. ఒక్క బిళ్లతోనే ప్రాణం పోవచ్చు.

పిచ్చిరోగం కుక్కలకే వస్తుందనుకోకండి. పిల్లలు ఒళ్లో పెట్టుకొని ఆడించే పిల్లికీ వస్తుంది. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం పూయకండి. రోగం బయటపడ్డాక మందు లేదు; ఆ రోజే బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించండి. పిల్లికేమో 3 నెలలు నిండగానే ఆ టీకా వేయించండి.