రాష్ట్రపతి దర్శనము: వెళ్లేది ఎవరు?

(శతాబ్ది సన్నాహక కూటములో చేసిన ప్రసంగము)



శతాబ్ది మాట వచ్చినప్పటి నుండి మన సంఘములలో ఒక ప్రశ్న వినబడుతున్నది. "రాష్ట్రపతిగారిని మన పండుగకు పిలువగలమా? లేక మనమే వెళ్లి దర్శించగలమా?" ఈ విషయము గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు కోరారు.

మొదట ఒక సంగతి స్పష్టము చేసుకొందాము. వినతి వేరు, దర్శనము వేరు. మన రాజ్యాంగము 74వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకొంటారు. మనము స్థలము గురించో, స్కూలు గ్రాంటు గురించో కాగితము ఇస్తే, అది సంబంధిత శాఖకు పంపబడుతుంది. అందుకు ఢిల్లీ వరకు ప్రయాణము చేయనక్కరలేదు. ఉత్తరము చాలును. 2009 నుండి ఇంటర్నెట్ ద్వారా పంపే సౌకర్యము కూడ వచ్చింది. దర్శనము మర్యాద కొరకు. ఈ దేశపు ప్రథమ పౌరునికి, లేదా పౌరురాలికి, మన ముఖము చూపించి, మన నూరేండ్ల సేవ చెప్పుకొని, కృతజ్ఞత తెలుపుటకు.

ఏర్పాటు ఎట్లు? న్యూఢిల్లీ 110004, రాష్ట్రపతి భవన్‌లోని సచివాలయమునకు వ్రాయవలెను. ఒక్క పేజీ మించరాదు. మనమెవరము, ఎందుకు రాదలచితిమి, ఎంతమందిమి, ఏ తేదీలు మనకు వీలు అనేవి అందులో ఉండాలి. ఒక్క తేదీనే పట్టుకొని కూర్చుంటే పని కాదు. అక్కడ ఆతిథ్యము, ప్రయాణము, ఉత్సవముల ఏర్పాట్లు సైనిక కార్యదర్శి చూస్తారు. ఆయన క్రింద ఐదుగురు ఏ.డి.సి.లు ఉంటారు. ముగ్గురు పదాతి సైన్యము వారు, ఒకరు నౌకాదళము, ఒకరు వైమానిక దళము.

ఇక వారే మన యొద్దకు వస్తే, రాష్ట్ర ప్రభుత్వము, పోలీసువారు కూడ ఏర్పాట్లలో చేరుతారు. వేదికపై కూర్చుండువారి పేర్లు, స్వాగతము పలుకువారి పేర్లు ముందే ఇచ్చివేయాలి. ఆఖరు గంటలో "మా బావగారిని కూడ ఎక్కించండి" అంటే కుదరదు. కార్యక్రమము నిమిషముల లెక్కన నడుస్తుంది. మన స్వాగతోపన్యాసములు అలవాటు ప్రకారము అరగంట సాగితే అతిథికి మాట్లాడే సమయము మిగలదు!

ఢిల్లీ దూరమనుకొనేవారికి ఒక మాట. సికింద్రాబాద్ బొల్లారములో రాష్ట్రపతి నిలయము ఉన్నది. 1860లో కట్టిన ఒంటి అంతస్తు భవనము, సుమారు 90 ఎకరముల ఆవరణ. చలికాలములో రాష్ట్రపతి అక్కడ విడిది చేయుట, ఊరి ప్రముఖులకు తేనీటి విందు ఇచ్చుట ఆనవాయితీ. పూర్వము ఏటా కొద్ది రోజులే ప్రజలను లోనికి అనుమతించేవారు. 2023 మార్చి నుండి ఏడాది పొడవునా చూడవచ్చును. సండేస్కూలు పిల్లలను తీసుకొని వెళ్లుటకు ఏ పెద్దమనిషి సిఫారసూ అక్కరలేదు.

సంబోధన విషయములో, దొరల కాలము నాటి "ఎక్సలెన్సీ" అను బిరుదును 2012లో ప్రణబ్ ముఖర్జీగారు తగ్గించివేశారు. "గౌరవనీయ రాష్ట్రపతిగారు" అంటే చాలును. కానుకల సంగతి కూడ వినండి. రాష్ట్రపతికి వచ్చిన కానుకలు సొంత ఆస్తి కావు. 2024లో అటువంటి కొన్నింటిని ప్రభుత్వమే వేలమునకు పెట్టింది. కాబట్టి చందాలు పోగుచేసి వెండి జ్ఞాపిక చేయించనక్కరలేదు. మన స్త్రీల సమాజము వారు చేతితో అల్లిన వస్త్రము ఒకటి చాలును.

ఆ ఇంటి మర్యాద ఎటువంటిదో తెలుసుకొనుటకు అబ్దుల్ కలాంగారి సంగతి ఒకటి చాలు. 2006లో రామేశ్వరము నుండి ఆయన బంధువులు 50 మందికి పైగా వచ్చి కొన్నాళ్లు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. వారి బస, భోజనముల ఖర్చు మూడున్నర లక్షలకు పైగా ఆయన సొంత డబ్బుతో చెల్లించారని ఆయన కార్యదర్శి నాయర్‌గారు వ్రాశారు. ఇంటి యజమానియే అంత లెక్కగా ఉంటే, అతిథులమైన మనము ఎంత లెక్కగా ఉండాలి?

ఇప్పుడు అసలు మాట. పదిమందికి అనుమతి వస్తే ఆ పదిమంది ఎవరు? మనలో ఏ జాబితా తయారైనా నలభై పేర్లు వస్తాయి. అధికారులు, మాజీ అధికారులు, వారి అల్లుళ్లు. నలభై కాస్తా పది చేసేటప్పుడు మొదట కొట్టివేసేది ఎవరి పేరు? హాస్టలులో ముప్పై ఏండ్లు వంట చేసిన తల్లి పేరు. ఆసుపత్రి ఆయా పేరు. పల్లెలో జీతము సరిగా అందకపోయినా బడి నడిపిన పంతులుగారి పేరు. నూరేండ్ల సేవ అని మనము చెప్పుకోబోయేది వారి సేవయే గదా! వారిని గుమ్మము బయట నిలబెట్టి, వారి పేరు మీద మనము ఫోటో దిగుట న్యాయమా?

ఎస్తేరు సంగతి మీకు తెలుసు. పిలువకుండ రాజు ఎదుటికి వెళ్తే ప్రాణము పోయే రోజులలో ఆమె వెళ్లింది. మొదట విందుకు పిలిచింది, తరువాతనే మనవి చెప్పింది. ఆ ప్రవేశమును తన గొప్పకు వాడుకొనలేదు. గుమ్మము దాటలేని తన జనము కొరకు వాడింది.

కాబట్టి కమిటీవారికి నా మనవి ఇది. ఉత్తరము వ్రాయుటకు ముందే జాబితా తీర్మానించండి. సగము స్థానములు ఇంతవరకు ఏ మంత్రి ఎదుటా నిలువని వారికి కేటాయించండి. మాట్లాడుటకు ఒక్కరినే నియమించండి, మూడు నిమిషములు చాలును. అనుమతి రాకపోతే చిన్నబోవద్దు, నొచ్చుకోవద్దు. ఆ జాబితాలోని వంటతల్లిని, ఆయాను, పంతులుగారిని మన శతాబ్ది వేదిక మీదనే ముందు వరుసలో కూర్చుండబెట్టుదాము. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.