పన్ను నొప్పి ఆగితే రోగం పోయినట్టు కాదు

(భవాని పేట్ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కూలి రేట్లు, బోనస్ గురించి మాట్లాడే చోట పన్ను సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. నేసినంతకే కూలి దొరికే మనకు, నొప్పితో సాంచెలు ఆగిన రోజు పొయ్యి మీద కూడా తెలుస్తుంది. కాబట్టి ఇదీ కూలి సంగతే.

మన పేటలో పన్ను నొప్పికి వరసగా చేసేవి నాలుగు: లవంగం, మిశ్రి, మెడికల్ షాపు గోలీ, చివరికి పీకించుకోవడం. మిశ్రి అంటే కాల్చిన పొగాకే. నొప్పి మొద్దుబారినట్టు అనిపిస్తుంది గాని అది చిగుళ్లను పాడుచేస్తుంది, నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది.

అసలు పన్ను లోపల ఏముందో చూద్దాం. పైన గట్టి పెంకు, కింద కాస్త మెత్తని పొర, నడుమ చిన్న గది. ఆ గదిలో నరాలు, రక్తనాళాలు ఉన్న గుజ్జు ఉంటుంది. అది సన్నని కాలువలుగా వేళ్ల కొసల దాకా దిగుతుంది. ముందు పళ్లకు మామూలుగా ఒకటే కాలువ. దవడ పళ్లకు మూడు, ఒక్కోసారి నాలుగు.

రాత్రిపాళిలో నిద్ర ఆపుకోవడానికి మాటిమాటికీ తీపి చాయ్ తాగుతాం. నోటిలోని క్రిములు ఆ చక్కెరను పులియబెట్టి పెంకును తినేస్తాయి. చల్లనీళ్లకు పన్ను జివ్వుమన్నప్పుడే వెళితే చాలాసార్లు ఫిల్లింగ్‌తో పోతుంది. రాత్రి పడుకోనివ్వని నొప్పి వచ్చిందంటే రోగం గుజ్జుకు చేరిందన్న మాట.

కొన్నాళ్లకు ఆ నొప్పి దానంతటదే ఆగవచ్చు. గండం గడిచిందనుకుంటాం. అక్కడే మోసపోతాం. గుజ్జు చచ్చిపోయింది కనుక నొప్పి తెలియదు, అంతే. క్రిములు వేరు కొస దాటి ఎముకలో చీము పట్టిస్తాయి. యాంటీబయాటిక్ గోలీ ఒక్కటే దాన్ని మాన్పలేదు. మందు వెళ్లేది రక్తంతో. చచ్చిన గుజ్జులో రక్తమే ఆడదు. వాపు మెడకు దిగినా, జ్వరంతో నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా అది ప్రాణాపాయం. పాళి అయ్యేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

రూట్ కెనాల్ అంటే భయపడనక్కరలేదు. ఎక్స్‌రే తీస్తారు. ఇంజెక్షన్‌తో మొద్దుబారుస్తారు. పన్ను పైన చిన్న రంధ్రం చేసి, సూదుల్లాంటి సన్నని ఆకురాళ్లతో చెడిన గుజ్జు తీసి, మందు నీళ్లతో కాలువలు కడుగుతారు. తర్వాత గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో కాలువలు మూసేస్తారు. ఒకటి నుంచి మూడుసార్లు వెళ్లాల్సి రావచ్చు. రెండు మూడు రోజులు కొంచెం నొప్పి ఉండటం మామూలే. దవడ పన్నుకైతే సాధారణంగా పైన క్యాప్ కూడా కావాలి. తొలిచిన పన్ను నమలడం బరువుకు పగిలిపోవచ్చు.

మాలో ఒకరి సంగతి చెబుతాం. మొదటి సిట్టింగ్‌తోనే నొప్పి పోయింది. పండుగ ముందు పని జోరు, రెండోసారి వెళ్లలేదు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఊడింది. నాలుగు నెలలకు కడక్ రొట్టె కొరికితే పన్ను నిలువునా చీలింది. పీకించుకోక తప్పలేదు. ఇచ్చిన డబ్బూ పోయింది, పన్నూ పోయింది.

కాబట్టి మొదటి రోజే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: ఈ పన్ను నిలుస్తుందా? ఎన్నిసార్లు రావాలి? క్యాప్‌తో కలిపి మొత్తం ఎంత? నిలవదంటే పీకించుకోవడం తప్పు కాదు. కాని నిలిచే పన్నును తొందరపడి పీకిస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, నమలడం తగ్గుతుంది.

పనిలో అలవాట్లూ మారాలి. దారాన్ని పళ్లతో తెంపవద్దు. నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చవద్దు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం అలా పీల్చే నాడెలను 1911లోనే చట్టంతో నిషేధించింది.

ఇక హక్కు మాట. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీకి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఆ లెక్క తప్పించడానికి ఒకే కార్ఖానాను కాగితాల మీద ముక్కలు చేయడం మనకు తెలియనిది కాదు. కార్డు ఉన్నవాళ్లు దవాఖానాలో దంత వైద్యం అడిగి తీసుకోండి. లేనివాళ్ల పేర్లు యూనియన్‌కు ఇవ్వండి. జబ్బు సెలవుకు ఇ.ఎస్.ఐ. కూలిలో నూటికి 70 వంతులు ఇస్తుంది గాని మొదటి రెండు రోజులకు మామూలుగా రాదు. అంటే ఒక్క పూట సిట్టింగ్‌కు వెళితే ఆ నష్టం మనదే.

అందుకే మేమనేది ఇది: సిట్టింగ్‌కు వెళ్లే పూట కూలి కోయవద్దని సేట్‌లను అడుగుదాం. అది సాధించేదాకా, వెళ్లినవాడి సాంచెలు పక్కవాళ్లు చూసుకుని ఆ నేత అతని పేరనే రాయించాలి. ఈ రోజు అతని పన్ను, రేపు మన పన్ను. మొదలుపెట్టిన వైద్యాన్ని మనలో ఎవరూ కూలి కోసం సగంలో వదలకూడదు.