నోరు విప్పితేనే మార్కులు

రాజమహేంద్రవరంలో ఇంటర్‌లో చేరే పిల్లల ముందు మొదటి ప్రశ్న: రెండో భాష తెలుగా, సంస్కృతమా? మార్కులు బాగా పడతాయని చాలామంది సంస్కృతం వైపే మొగ్గుతారు. ఏది తీసుకున్నా చివరికి రాత పరీక్షే. భాష నోట ఆడుతోందా అని ఎవరూ అడగరు.

ఐర్లండ్‌లో పద్ధతి వేరు. అక్కడ మన ఇంటర్ లాంటిది లీవింగ్ సర్టిఫికెట్. అందులో ఐరిష్ భాష పైస్థాయి పరీక్షకు 600 మార్కులైతే, 240 మాట్లాడటానికే, మరో 60 విని అర్థం చేసుకోవడానికి. పరీక్షకుడి ఎదుట కూర్చుని పద్యం చదవాలి, వరుస బొమ్మలు చూసి కథ చెప్పాలి, ఆపైన కాసేపు కబుర్లాడాలి.

మన పిల్లల్నీ అలాగే పులస చేప సంగతో, పుష్కరాల ముచ్చటో చెప్పమని మార్కులేస్తే? గోదారి యాసకు ఎదురుండదు!