ఇంటింట నుండదగిన వైద్యపరికరములు
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. మేము దేహారోగ్యమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము. మా యన్నగారు ఏబది రెండవయేట ఏ బాధయు నెఱుగక తిరుగుచుండిరి. రక్తపుపోటు కొలిపించుకొనుడని మేము పలుమారులు వేడుకొనగా, "రోగము లేనివానికి పరీక్ష యేల?" అని నవ్విరి. ఒకనాటి తెల్లవారుజామున పక్షవాతము వారిని పడవైచెను. పోటు బాధపెట్టి తన్ను దెలుపుకొనదు, కొలిచిననే తెలియును.

1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ భుజమునకు గాలిపట్టీ చుట్టి పోటు గొలుచు పద్ధతిని వెల్లడించెను. 1816లో పారిసున లేనెక్ కనిపెట్టిన స్టెతస్కోపును 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ దానికి జతపఱచెను. పట్టీ బిగించినపుడు నాళమున రక్తప్రవాహ మాగును. గాలి వదలుచుండగా మొదట వినవచ్చు చప్పుడు పై యంకెను, చప్పుడు మాయమగుట క్రింది యంకెను దెలుపును. నేటి యంత్రములు పట్టీలోని కంపనములనుబట్టియే లెక్కగట్టుచున్నవి. కొలుచుటకు ముందు అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలయును. కాఫీ త్రాగి అరగంట గడువవలయును. చేయి గుండె యెత్తున నుండవలయును. 140/90 గాని అంతకు మించి గాని పలుదినములు కనబడినచో వైద్యుని జూడవలయును.

గ్లూకోమీటరు వ్రేలి రక్తబిందువుతో చక్కెరను దెలుపును. పరగడుపున డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో ప్రయోగశాలలో నిర్ధారణ చేయించుకొనవలయును. ధర్మామీటరున 100.4 డిగ్రీల ఫారెన్‌హీటు మొదలుకొని జ్వరమని యెంచవలయును. పాదరసపు ధర్మామీటరు పగిలినచో ఆ పాదరసమును చేత నంటరాదు, చీపురుతో నూడ్వరాదు. 2020, 2021 సంవత్సరముల కరోనా కాలమున ఆక్సిమీటరు మనకు పరిచితమయ్యెను. సామాన్యముగా 95కు తగ్గరాదు. అయితే గోళ్ళరంగును, చల్లబడిన వ్రేళ్ళును అంకెను తప్పుద్రోవ పట్టింపగలవు.

పరికరము వైద్యుడు కాదు. అంకె చూచి మందు మానుటయు, తెచ్చి మ్రింగుటయు రెండును అపాయములే. మఱియొక మాట. సంబంధములు తప్పిపోవునని బిడ్డల చక్కెరవ్యాధిని దాచు తల్లిదండ్రులు మనలో గలరు. దాచినందున రోగ మాగదు, చికిత్సయే యాగును.

కావున మన విద్యార్థివసతిగృహమున ఈ నాలుగు పరికరములతో నొక బీరువా నేర్పఱుపవలయుననియు, వానిని వాడు తీరు ఇద్దఱు విద్యార్థులకు నేర్పింపవలయుననియు పోషకులను ప్రార్థించుచున్నాము. మా యన్నగారి కుడిచేయి నేటికిని స్వాధీనమునకు రాలేదు. వారు ముందువరుసలో గూర్చుండియున్నారు. ఈ సంగతి సభలో జెప్పుమని మమ్మాజ్ఞాపించినవారు వారే. సెలవు.